ముగ్గురు దేవుళ్ల జుట్టు

మొన్న సత్యనారాయణపేటలో క్షౌరానికి పోయి కూర్చుంటే, ఆ కుర్రవాడు నా తల చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏం కత్తిరించల్ల తాతా, యాడుండాది?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చెవుల పైన కాస్త, వెనక కాస్త మిగిలిన ఈ నెరిసిన వెంట్రుకల కోసం ఒకప్పుడు ముగ్గురు దేవుళ్లు కొట్లాడుకున్నారంటే వాడు నమ్మడు. కొట్లాడింది దేవుళ్లు కాదు లెండి, వాళ్ల తరఫున మా ఇంటివాళ్లు. ఆ వయసులో నాకు ఆ తేడా తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే ఇప్పుడూ సరిగ్గా తెలియదు.

మాది హగరి ఏటి ఒడ్డున నల్లరేగడి ఊరు. ఎండాకాలం ఏట్లో ఇసక తప్ప ఏమీ ఉండదు. ఆ ఇసకలోనే చెలమలు తవ్వుకుని తాగునీళ్లు తెచ్చుకునేవాళ్లం. దూరంగా కాలువ కొత్తగా వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు దాని కింద క్యాంపులు వేసుకుని వరి పెడుతున్నారు. మా వైపు ఇంకా జొన్న, పత్తి, చెనిక్కాయలే. తొలివాన పడినప్పుడు ఆ నల్లమట్టి వాసన, మా జేజి, అంటే నాయన తల్లి, నా తలకు పట్టించే ఆముదం వాసన, రెండూ కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి.

అవును, నాకు జడ ఉండేది. నడుము దాకా. మగపిల్లాడికి జడేమిటని పెద్దవాళ్లెవరూ అడిగేవాళ్లు కాదు. పుట్టెంటికలని చూడగానే తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచి కత్తి తగలని జుట్టు అది. మొక్కుకున్న దేవుడి దగ్గర తీయించేదాకా ఆ తల ఆ దేవుడి సొత్తు. మిగతా పిల్లలకు మూడో ఏటనో అయిదో ఏటనో తీయించేస్తారు. నా తలకు మాత్రం ఆ యోగం పట్టలేదు. ఒకే తలను ముగ్గురు ఆడవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురు దేవుళ్లకు మొక్కేయడమే దానికి కారణం.

నేను నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కళ్లు తేలేశానట. మా జేజి గడప పట్టుకుని హులిగిలో ఉండే హులిగెమ్మ అమ్మవారికి మొక్కింది. మా అమ్మ వంటింట్లో పసుపు గుడ్డలో ముడుపు కట్టి తిరుపతి వెంకటరమణసామికి మొక్కింది. పక్కింటి దూదేకుల పెద్దమ్మ పీర్ల చావిడికి పోయి పీర్ల సామికి మొక్కింది. ఈలోపల నాయన నన్ను భుజాన వేసుకుని స్టేషనుకు పరుగెత్తి, రైలెక్కి, బళ్లారి ఆసుపత్రిలో నాకు సూది వేయించి తీసుకొచ్చాడు. నేను బతికాను. ఆ సంతోషంలో ముగ్గురాడవాళ్లూ అరుగు మీద కూర్చుని ఎవరి మొక్కు వాళ్లు చెప్పుకున్నారు. అప్పుడు బయటపడింది బండారం.

"నాకేం గొడవ లేదక్కా," అందట పెద్దమ్మ. "మీరు యా దేవునికన్నా ఇచ్చుకోండి. జడ కొన రవ్వంత తుంచి పీర్ల సామికిస్తే సాలు."

జేజి ఒప్పుకోలేదు. "కొన తుంచినాక మిగిలింది ఎంగిలి గాదా? ఎంగిలి జుట్టు అమ్మకు పెడ్తామా?"

ముందు తిరుపతిలో తీయించి, మళ్లీ మొలిచాక హులిగెమ్మకు ఇద్దామని ఎవరో పెద్దమనిషి మధ్యేమార్గం చెప్పాడు. "రెండోసారి మొలిసింది పుట్టెంటికలు ఎట్లయితాదప్పా?" అని జేజి ఆయన నోరు కూడా మూయించింది. మా అమ్మ వాదించే మనిషి కాదు. తల వంచుకుని, "ఆయమ్మకు మాత్రం వద్దత్తా" అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. అలా ఏళ్లు గడిచాయి. జుట్టు దాని పాటికి అది పెరిగింది.

పెరిగిన జుట్టుతో బడిలో నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. పిల్లలు నన్ను 'అక్కా' అని పిలిచేవాళ్లు. ఒకడు నా జడను కిటికీ చువ్వకు కట్టేశాడు. మేష్ట్రు పిలిచాడని లేచి నిలబడబోయి కెవ్వుమన్నాను. ఇంటికొచ్చి ఏడిస్తే జేజి, "అమ్మ సొత్తురా అది, ఎవురన్నా ముట్టుకుంటే ఆయమ్మే చూసుకుంటాది" అంది. ఆయమ్మ వాణ్ణి ఏమీ చూసుకోలేదు. వాడు మరునాడు కూడా హాయిగా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. నన్ను బతికించింది ఎవరు? జేజి దేవతకు కోపం ఎక్కువ, తుంగభద్ర ఒడ్డున కూర్చుని అన్నీ చూస్తుంటుంది. అమ్మ దేవుడు ఎక్కడో కొండమీద ఉంటాడు, ఓపిక ఎక్కువ. పెద్దమ్మ సామి ఏడాదికోసారి పెట్టెలోంచి బయటికొచ్చి, పట్టుగుడ్డలు కట్టుకుని, నిప్పుల గుండం చుట్టూ ఎగిరి, మళ్లీ పెట్టెలోకి పోతాడు. ఆ పండగకు పెద్దమ్మ బెల్లమూ రొట్టె కలిపి నలిపి చేసే మలీద తింటున్నంతసేపు ఆ సామే నన్ను బతికించాడని నాకు గట్టి నమ్మకంగా ఉండేది. తిరుపతి నుంచి ఎవరైనా లడ్డు తెచ్చిపెడితే నమ్మకం అటు మారేది.

నాయనను అడిగితే, "సూదిమందు బతికించింది" అనేవాడు. ఆయన విత్తనాల ఫారంలో కూలీల మీద మేస్త్రీ. సాయంత్రం వచ్చాడంటే బట్టలకు పచ్చిజొన్న వాసన వేసేది.

"దేవుడు లేడంటావు, మరి ఆ జొన్నగింజను ఎవురు చేసినార్రా?" అని జేజి నిలదీసేది.

"ముందటేడు జొన్నగింజ."

"దాన్ని?"

"దాని ముందటిది."

"దాన్నీ?"

"ఇంక సుమ్నే, ఊరికే ఉండుమా" అని బీడీ వెలిగించుకుని బయటికి పోయేవాడు. గెలిచింది జేజి అనుకునేవాణ్ణి. కానీ గెలిచిన జేజి మొహంలో సంతోషం కనపడేది కాదు.

నాయన చెడిపోవడానికి క్యాంపాయన కారణమని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. క్యాంపాయన అంటే కాలువ కింద వరి పెట్టిన కోస్తా మనిషి. ఆదివారాలు నాయన నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయేవాడు. ఆ ఇంట్లో గంజి వాసన, గోంగూర వాసన. ఆయన భార్య వేడి అన్నంలో నెయ్యి వేసి ఆవకాయ కలిపి పెడితే, జొన్నరొట్టెలు తిని పెరిగిన నాకు కళ్లలోంచి నీళ్లు కారేవి, అయినా వదిలేవాణ్ణి కాదు.

"దేవుడే ఉంటే తమ్ముడూ," అని క్యాంపాయన మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని మొదలుపెట్టేవాడు, "మీ ఊళ్లో వాన ఎందుకు పడదో, మా ఊళ్లో వరద ఎందుకొస్తుందో చెప్పమనండి. ఆ నీళ్లేవో సమంగా పంచడం కూడా చేతకాదా ఆయనకి?" అని పెద్దగా నవ్వేవాడు. ఆయన వెనక పెరట్లో ఆయన భార్య తులసికోట దగ్గర దీపం పెడుతూ ఉండేది. ఆయన గొంతు తగ్గించేవాడు కాదు, ఆమె దీపం ఆపేది కాదు. వాళ్లిద్దరికీ ఏ పేచీ ఉన్నట్టు కనపడలేదు.

నాయన మాత్రం నవ్వేవాడు కాదు. ఒకసారి కాలువ గట్టున నడిచి వస్తూ అడిగాను.

"నాయనా, ఆయప్ప అంత నవ్వితే నువ్వు ఏంటికి నవ్వలే?"

"ఆయప్ప దేవుడు లేడని సంతోషపడతాండాడు."

"నువ్వు?"

"నడువ్, పొద్దు పోతాంది" అన్నాడు.

దేవుడు లేకపోవడంలో సంతోషపడేవాళ్లు, పడనివాళ్లు అని మళ్లీ రెండు రకాలుంటారని అప్పుడే తెలిసింది. ఉన్న గందరగోళం చాలదన్నట్టు ఇదొకటి.

ఇక మా మేష్ట్రు. ఆయన లింగాయతుల మనిషి, ఇంట్లో కన్నడం, బడిలో సగం సగం. ఒకరోజు పొద్దున్నే పాఠానికని తొందరగా వాళ్లింటికి పోతే, పూజలో కూర్చుని ఉన్నాడు. మెడలో వేలాడే వెండి కాయలోంచి నల్లటి చిన్న లింగాన్ని తీసి, ఎడమ అరచేతిలో పెట్టుకుని, విభూతి పెట్టి, దానివైపే చూస్తున్నాడు. పూజ అయ్యాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"నోడు మగా," అన్నాడు, చూడు బిడ్డా అని. "దేవరు యాడో కొండమీద లేడు, ఏటి గట్టున లేడు. ఈడుండాడు" అని అరచెయ్యి చూపించాడు. "దేవరికి జుట్టు ఏంటికి? బేడ, వద్దు."

"అది రాయి కదా సార్?"

"నీకు రాయి. నాకు దేవరు."

"నిజంగా ఏంది మరి?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఎక్కం చెప్పు" అన్నాడు. పెద్దవాళ్లకు జవాబు దొరకనప్పుడల్లా నాకు ఎక్కం తప్పేది కాదు.

ఇట్లా కాదని నేనే తేల్చుకుందామనుకున్నాను. వంటింట్లోంచి బెల్లం దొంగిలించి ముక్కలు చేశాను. ఒకటి జేజి గూట్లో హులిగెమ్మ ముందు, ఒకటి అమ్మ పూజించే వెంకటరమణసామి పటం కింద, ఒకటి పీర్ల చావిడి మెట్టు మీద పెట్టాను. న్యాయంగా ఉండాలని, లేని దేవుడికి కూడా ఒక ముక్క ఉత్త గోడ పక్కన పెట్టాను. ఎవరు ముందు తింటే వాళ్లే ఉన్నట్టు. మూడుచోట్లా చీమలు పట్టాయి. గోడ పక్కన పెట్టింది మాత్రం నాయన ఫారం నుంచి వస్తూనే చూసి, దుమ్ము ఊది నోట్లో వేసుకున్నాడు. దీన్నిబట్టి ఏం తేలిందో నాకు తెలియలేదు. దొంగతనానికి జేజి చేతిలో వీపు మాత్రం వాచింది.

ఆ ఎండాకాలమే అసలు పేచీ ముదిరింది. మా ఊరి బడిలో చదువు అయిపోయింది. బళ్లారి బడిలో చేర్చాలని నాయన పట్టుదల. మేష్ట్రు ఇంటికొచ్చి, "ఈ జడతో పోతే చేర్చుకోరప్పా, ముందే చెప్తాండా" అన్నాడు. ఆయన అటు పోగానే నాయన అన్నాడు, "బడి తెరిసేలోపల జుట్టు తీసెయ్యల్ల. యాడికీ పోయేది లేదు. మంగలి దగ్గరికి తీసుకపోతా."

జేజి గుండెలు బాదుకుంది. "మొక్కిన జుట్టు ఊరికే తీస్తే అమ్మ ఊరుకుంటాదా? పోదాం పదరా హులిగికి. నీ కాళ్లు మొక్కుతా."

అప్పుడు మా అమ్మ, ఎప్పుడూ నోరెత్తనిది, నోరెత్తింది. "ఒకసారి ఇచ్చినాం గదత్తా. ఇచ్చి ఏం తెచ్చుకున్నాం?"

జేజి గోడకు జారగిలబడి కూర్చుంది. నాయన లేచి పోయాడు. నాకు ముందు ఒక మగబిడ్డ పుట్టి పోయాడని మాత్రం విని ఉన్నాను. అంతకు మించి తెలియదు, ఆ బిడ్డ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ సాయంత్రం అమ్మ నాకు జడ వేస్తుంటే అడిగాను. "అమా, ఊరికే తీసేస్తే నేను సచ్చిపోతానా?" ఆమె జడ వదిలేసి నన్ను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. "నాకు ఏ దేవుడైనా ఒకటే నాయనా. నాకు నువ్వు కావల్ల" అంది. జడ తీసేయాలని అంతవరకు నాకున్న సరదా అంతా ఎగిరిపోయింది. నాకు భయం పట్టుకుంది. ఎవరికి భయపడాలో తెలియని భయం మరీ చెడ్డది.

నాయన ఒక పొద్దున చెప్పాపెట్టకుండా నన్ను రైలెక్కించాడు. బళ్లారిలో, స్టేషనుకు కాస్త దూరంలో, ఒక గోడ నీడన రాయి వేసుకుని కూర్చున్న ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ముందు కూర్చున్నవాడి గడ్డం అయ్యాక నన్ను కూర్చోబెట్టారు. ముసలాయన నా జడ చూసి, నీళ్ల గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

"పుట్టెంటికలా అప్పా?"

"ఊ. తీసెయ్."

"యా దేవునివి?"

"యా దేవునివీ కావు. తీసెయ్."

ముసలాయన కత్తి మడిచి పక్కన పెట్టాడు. "అట్ల తీయనప్పా."

"ఏంటికి తీయవు?"

"పుట్టెంటికలు తీసేటప్పుడు పేరు చెప్పల్ల. పేరు లేకుండా మా నాయన కత్తి పెట్టలే, నేను పెట్టను. ఈ బజార్లో ఎవురూ పెట్టరు, పోయి అడుగు."

"దేవుడు లేడు అంటాంటే పేరెట్ల చెప్పేది?"

"ఉంటే నీకు, లేకుంటే నీకు. నాకేం? యా పేరన్నా సరే. నువ్వు యా పేరు చెప్తే వానికి పోతాది జుట్టు. ఎవునికీ పోకుండా ఊరికే కింద పడేసేదానికి మాత్రం నా కత్తి రాదు."

నాయనకు కోపం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని లేపాడు. నాలుగడుగులు వేశాం. అక్కడ నిలబడిపోయాడు. ఎండ మాడుతోంది. నాకు దాహంగా ఉంది, ఏడుపు వస్తోంది. నా చేతిని పట్టుకున్న ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయింది. అట్లా ఎంతసేపు నిలబడ్డామో. తర్వాత వెనక్కి తిప్పి తీసుకొచ్చి నన్ను మళ్లీ రాయి మీద కూర్చోబెట్టాడు.

"పేరు చెప్తే చాలునా?"

"చాలప్పా."

నాయన ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. మా ఇంటివాళ్ల పేర్లేవీ రాయలేదు, ఇదొక్కటి రాస్తే బాగుండదు. నేనెప్పుడూ వినని పేరు అది. హులిగెమ్మ కాదు, వెంకటరమణ కాదు, పీర్ల సామి కాదు.

"యా ఊరి దేవుడప్పా?" అన్నాడు ముసలాయన, నా తల తడుపుతూ.

"మా ఊరోడే" అన్నాడు నాయన.

ముసలాయన తృప్తిగా తలాడించి, ఆ పేరు తానూ ఒకసారి పలికి కత్తి పెట్టాడు. అప్పుడు నాయన భుజం మీది తువ్వాలు తీసి, నా ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులా పట్టాడు. ఒక్క వెంట్రుక కింద పడకుండా పట్టాడు. జడ మొత్తం అందులో పడింది. మా ఇంట్లో ఏ పూజలోనూ నాయన అట్లా చేతులు చాపడం నేను చూడలేదు.

ఇంటికొచ్చేసరికి నా బోడితల చూసి జేజి వీధి వినపడేలా ఏడ్చింది, తిట్టింది. పెద్దమ్మ పరుగున వచ్చి నా తల నిమిరి, "పోనీలేక్కా, సామి బిడ్డలమీద కోపం పెట్టుకోడు" అని సర్దబోయింది. అమ్మ నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. నేను ఆమె పక్కన చేరాను. నాకొక్కటే అనుమానం పీకుతోంది. ఆ పేరు చెప్పి, "ఈ సామి యాడుంటాడుమా?" అని అడిగాను.

ఆమె పిండి వదిలేసి నా వైపు తిరిగింది. పెనం మీది రొట్టె మాడుతోంది.

"ఆ పేరు నీకెవురు చెప్పినారు?"

"నాయన. జుట్టు తీసే ఆయప్ప పేరు చెప్పమంటే చెప్పినాడు."

"గట్టిగా చెప్పినాడా?"

"ఊ. అందరికీ వినపడేట్ల."

అమ్మ మాడిన రొట్టె తీయలేదు. "మీ అన్న పేరు అది" అంది. "వాని జుట్టు హులిగెమ్మకే ఇచ్చినాం. మీ నాయనే భుజాన ఎత్తుకోని పోయినాడు, దోవంతా పాడుకుంటా. జుట్టు మళ్ల మొలిసేలోపలే పోయినాడు బిడ్డ. ఆ పొద్దుటినుంచి మీ నాయన నోట వాని పేరు రాలే."

పిండి చేతులతోనే లేచి వాకిట్లోకి పోయింది. నేనూ వెంట పోయాను. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు ఉన్న తువ్వాలు మూటగట్టి ఒళ్లోనే ఉంది. పక్కన జేజి ఇంకా శాపాలు పెడుతోంది.

"నేనూ ఒకసారి వినల్ల" అంది అమ్మ.

నాయన తలెత్తకుండానే ఆ పేరు చెప్పాడు. బళ్లారిలో చెప్పినంత గట్టిగా కాదు. జేజి తిట్టు సగంలోనే ఆగిపోయింది.

మరునాడు పొద్దున్నే అందరం ఏటికి పోయాం. నాయన ఇసకలో నీళ్లు ఊరేదాకా తవ్వి, అందులో జుట్టు పెట్టి పూడ్చాడు. జేజి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. పెద్దమ్మ మలీద చేసి తెచ్చింది. ఎవరి దేవుడికి అందిందని వాళ్లు అనుకున్నారో నాకు తెలియదు, ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పేరు వినపడేది. కొత్త చొక్కా తొడిగినప్పుడు అమ్మ, "వాడుంటే నీకంటే ఇంత పొడుగుండేవాడు" అనేది. నాయన వింటూ ఊరుకునేవాడు.

ఆయన పోయేదాకా దేవుడు లేడనే అన్నాడు. చివరి రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుని అడిగాను కూడా, "మరి ఆ రోజు పేరు ఏంటికి చెప్పినావు?" అని. "చెప్పకపోతే ఆయప్ప తీయనన్నాడు గదరా" అన్నాడు, అంతే. ఆ మాట పట్టుకుని దేవుడు లేడనుకుందామంటే, ఒక్క వెంట్రుక జారకుండా తువ్వాలు పట్టిన ఆ చేతులు కళ్లముందుకొస్తాయి. పోనీ ఉన్నాడనుకుందామంటే మా అన్న గుర్తొస్తాడు. వాణ్ణి నేను చూడనైనా లేదు.